కూర్చోబెట్టడం గౌరవం కాదు



మన భాషలో సుఖాన్ని చెప్పే మాటలు చాలావరకు కాళ్ళను కదలనివ్వనివే. "కాలు మీద కాలు వేసుకుని బతుకుతున్నాడు" అంటే జీవితంలో స్థిరపడ్డాడని అర్థం. "కోడలిని కాలు కింద పెట్టనివ్వరు" అంటే పిల్ల మంచి ఇంట పడిందని అర్థం. "ఇంకా ఎందుకు తిరుగుతారు, హాయిగా కూర్చోండి" అనడం పెద్దవారికి మనం చేసే అతి పెద్ద మర్యాద. నెల్లూరు సీమలో దశాబ్దాల పాటు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసి, ఇప్పుడు డెబ్బై దాటిన వయసులో ఈ మాటలు వింటుంటే నాకు అవి రోగి చరిత్రలో మొదటి వాక్యాలలాగా వినిపిస్తున్నాయి. కూర్చోవడాన్ని హోదాగా, కూర్చోబెట్టడాన్ని ప్రేమగా మనం భావించినంత కాలం ఏ మాత్రా, ఏ ఉదయపు నడకా మనలను పూర్తిగా కాపాడలేవు. ఈ వ్యాసం కొందరికి కటువుగా తోచవచ్చు. తోచనివ్వండి.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు అన్నది డబ్బును గురించి. వైద్యుడి బల్ల దగ్గర నుంచి చూస్తే కరిగేవి కొండలే కావు, కండలు కూడా.

ముందుగా మన తీరం సంగతి. కావలి మొదలుకొని అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు దాకా సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఊళ్ళలో యాభై ఏళ్ళ కిందట వ్యాయామం అనే మాటతో ఎవరికీ పనిలేదు. బకింగ్‌హాం కాలువ గట్టు వెంట నడుస్తూ మనుషులు పడవలను తాళ్ళతో లాగేవారు. అలివి వలను ఒడ్డున రెండు జట్లు నిలబడి లాగేవి. వరి నాటు మొదలు కుప్ప నూర్పిడి దాకా అంతా నడుము వంచి చేసే పనే. మత్స్యకార స్త్రీలు చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మైళ్ళ దూరం నడిచి అమ్మి వచ్చేవారు. ఆ రోజులను నేను స్వర్ణయుగమని అనను. ఆ శ్రమ వెనుక ఆకలి ఉంది, అప్పు ఉంది, నలభై ఏళ్ళకే వంగిపోయిన నడుములు ఉన్నాయి. యంత్రం రావడం న్యాయమే. అయితే యంత్రం మన నుంచి తీసుకున్న కదలికను మరో రూపంలో తిరిగి ఇవ్వాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

వరి పొలాలు అనేకం రొయ్యల గుంటలయ్యాయి. తీరప్రాంత రొయ్యల సాగుపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పేనాటికే మన కండలేరు పరిసరాలు ఆ వ్యాజ్యంలో చర్చకు వచ్చాయంటే మార్పు ఎంత వేగంగా జరిగిందో ఊహించండి. గుంటల రైతు ఎంత ఆందోళనతో బతుకుతాడో నాకు తెలుసు. రాత్రి కరెంటు పోతే ఆయన గుండె ఆగినంత పని అవుతుంది. ఎందుకు? ఏరియేటర్లు తిరగకపోతే నీటిలో ప్రాణవాయువు తగ్గి తెల్లవారేసరికి రొయ్య తేలిపోతుంది గనుక. నీరు కదలకపోతే ప్రాణి బతకదని అంత స్పష్టంగా తెలిసిన మనిషి, లక్షలు ఖర్చుపెట్టి నీటిని కదిలించే మనిషి, తాను మాత్రం గట్టు మీద మోటారు సైకిలు దిగకుండా, కాపలా షెడ్డులో కుర్చీ వదలకుండా, మేత లెక్కలు ఫోనులో చూసుకుంటూ రోజు వెళ్ళదీస్తాడు. తన నెత్తురులో చక్కెర ఎంత ఉందని అడిగితే, "ఈ మధ్య చూపించుకోలేదు సార్" అంటాడు. గుంట నీటి పరీక్ష మాత్రం తప్పకుండా చేయిస్తాడు.

"పల్లెటూరివాళ్ళకు గుండె జబ్బులేమిటి" అన్న భ్రమ చదువుకున్నవారిలో ఇంకా ఉంది. 2003-04 ప్రాంతంలో గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాలలో పరిశోధకులు మరణాల కారణాలను ఇంటింటా విచారించి నమోదు చేశారు. గుండె, రక్తనాళాలకు సంబంధించిన జబ్బులే మొదటి స్థానంలో నిలిచాయి. మొత్తం మరణాలలో వాటి వాటా 32 శాతం. అదే ప్రాంతపు గ్రామాలలో 30 ఏళ్ళు పైబడినవారిలో 13 శాతానికి మధుమేహం ఉన్నట్టు మరో పరిశీలనలో తేలింది. వరీ, చేపల చెరువులూ, కాలువలూ ఉన్న ఆ పల్లెలు మన పల్లెలకు దగ్గరి చుట్టాలే. ఇది ఇరవై ఏళ్ళ కిందటి మాట.

ఇక దేశం సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2024లో ప్రకటించిన అంచనాల ప్రకారం 2000 సంవత్సరంలో భారతీయ వయోజనులలో సుమారు 22 శాతం మంది తగినంత శారీరక శ్రమ లేకుండా ఉంటే, 2022 నాటికి వారు 49 శాతానికి చేరారు. స్త్రీలలో 57 శాతం, పురుషులలో 42 శాతం. ప్రపంచ సగటు 31 శాతం మాత్రమే. ఇరవై రెండేళ్ళలో ఒక జాతి సగానికి సగం కూలబడిపోయింది. ఇది సోమరితనమని తీర్పు చెప్పడం సులభం. నేను ఆ మాట ఒప్పుకోను. ఒక్క తరంలో ఇంతమంది ఒక్కసారిగా సోమరులు కారు. వారిని కూర్చోబెట్టిన ఏర్పాటు ఒకటి ఉంటుంది.

ఇక్కడ నాకు ఎక్కువగా ఎదురయ్యే జవాబు ఒకటుంది. "డాక్టరు గారూ, నేను రోజూ అరగంట వాకింగ్ చేస్తాను. ఇవన్నీ నాకు వర్తించవు." ఇలా అనేవారు సాధారణంగా విశ్రాంత ఉద్యోగులు, వ్యాపారులు, ఉపాధ్యాయులు. తెల్లవారుజామున తెల్లని బూట్లు వేసుకుని కళాశాల మైదానంలో నాలుగు చుట్లు తిరిగి, టిఫిను ముగించి, ఆపై రాత్రి దాకా కుర్చీకి అంటుకుపోయేవారు. వారిని నేను కించపరచడం లేదు; ఆ అరగంట అమూల్యమైనదే. కానీ లెక్క చూడండి. మనం మేల్కొని ఉండేది పదహారు గంటలు. పాతకాలపు రూపాయికి పదహారణాలు. అరగంట నడక అంటే రూపాయిలో అర్ధణా. మిగిలిన పదిహేనున్నర అణాలు ఏం చేశారన్నది మన గుండె అడుగుతుంది, క్లోమం అడుగుతుంది.

ఎందుకంటే శరీరంలో కండ అనేది బరువులెత్తే పనిముట్టు మాత్రమే కాదు. తిన్న అన్నం చక్కెరగా మారి నెత్తురులోకి వచ్చినప్పుడు దానిని ఎక్కువగా పీల్చుకునే గిడ్డంగి కండరాలే. వాటిలోనూ తొడలు, పిరుదులు, పిక్కలు అతి పెద్దవి. కండరం ముడుచుకున్నప్పుడల్లా, ఇన్సులిన్ సాయం లేకుండానే, చక్కెరను లోపలికి తీసుకునే ద్వారాలు తెరుచుకుంటాయి. మధుమేహం ఉన్నవారికి ఇది ప్రకృతి ఇచ్చిన దొడ్డిదారి. కూర్చున్నామా, ఆ ద్వారాలు చాలావరకు మూసుకుంటాయి. నెత్తురులోని కొవ్వును కరిగించే ఎంజైము కూడా కాళ్ళ కండరాలలో మందగిస్తుంది. పిక్కలు నెత్తురును పైకి తోసే పంపులు. అవి ఆగితే కాళ్ళు వాస్తాయి. ఉదయం ఆరింటికి చేసిన నడక మధ్యాహ్నం రెండింటికి తిన్న అన్నాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకోలేదు.

ఆస్ట్రేలియాలో 2012లో ఒక చిన్న పరీక్ష చేశారు. అధిక బరువున్న 19 మంది నడివయసువారికి తీపి పానీయం ఇచ్చి ఐదు గంటలు కూర్చోబెట్టారు. మరో రోజు అదే పానీయం ఇచ్చి, ప్రతి ఇరవై నిమిషాలకు రెండు నిమిషాలు మెల్లగా నడిపించారు. రెండో రోజు నెత్తురులో చక్కెర పెరుగుదల దాదాపు నాలుగో వంతు తగ్గింది. రెండు నిమిషాలు! మన ఇంటి వసారా నుంచి వీధి గుమ్మం దాకా నాలుగుసార్లు తిరిగి వచ్చేంత సేపు.

అరగంట సరిపోదంటే ఎంత కావాలని అడగవచ్చు. పది లక్షలకు పైగా మనుషుల సమాచారాన్ని గుదిగుచ్చి 2016లో ప్రచురించిన ఒక విశ్లేషణ ప్రకారం, రోజుకు ఎనిమిది గంటలకు మించి కూర్చునేవారికి పెరిగే మరణ ముప్పు తొలగాలంటే, రోజుకు 60 నుంచి 75 నిమిషాలు చురుకైన శ్రమ కావాలి. టీవీ ముందు ఐదు గంటలు దాటి కూర్చునేవారికి అంత శ్రమ చేసినా ముప్పు తగ్గిందే తప్ప పూర్తిగా పోలేదు. సాయంత్రం ఆరు నుంచి పదకొండు వరకు వరుసగా ధారావాహికలు, ఆ పైన క్రికెట్టు చూసే ఇళ్ళలో ఈ వాక్యాన్ని మరొకసారి చదవమని మనవి.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. 1953లోనే జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేసేవారిని పరిశీలించారు. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో, ఇంచుమించు ఒకే వర్గం నుంచి వచ్చినవారు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్లు కొట్టడానికి రోజుకు వందల మెట్లు ఎక్కి దిగుతాడు. గుండె జబ్బు డ్రైవర్లలో ఎక్కువ, కండక్టర్లలో తక్కువ. వచ్చినా కండక్టర్లకు ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చింది. కండక్టర్లు వ్యాయామశాలకు వెళ్ళలేదు, తెల్ల బూట్లు కొనలేదు. రోజంతా కొద్దికొద్దిగా కదిలారు, అంతే. మోరిస్ తన 99వ ఏట 2009లో మరణించారు.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో మరో వాదన వినిపిస్తుంది. "మా పనివాళ్ళు చూడండి, ఎంత కష్టం చేస్తారో. వాళ్ళకు ఏ రోగమూ రాదు." రొయ్యల యజమానులూ, మేస్త్రీలూ, కొందరు వైద్యులు కూడా ఈ మాట అంటారు. ఇది అబద్ధం, పైగా సౌకర్యంగా ఉండే అబద్ధం. రొయ్యల శుద్ధి కర్మాగారాలలో తడి నేల మీద, చలిలో, గంటల తరబడి ఒకే చోట నిలబడి తలలు తీసే స్త్రీల శ్రమ వ్యాయామం కాదు. కోపెన్‌హాగెన్ నగరంలో లక్షకు పైగా జనాన్ని పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, తీరిక వేళల్లో శ్రమించినవారికి గుండె జబ్బు, మరణం తగ్గితే, ఉద్యోగంలో బరువైన శ్రమ చేసినవారికి అవి పెరిగాయి. కారణాలు ఊహకు అందనివి కావు. ఆ శ్రమలో విశ్రాంతి మన చేతిలో ఉండదు, వేగం మన చేతిలో ఉండదు, అలసట మరునాటికి తీరదు. కాబట్టి కూలి తల్లికి "నడవండి" అని చీటీ రాయడం వైద్యం కాదు. ఆమెకు కావలసింది గంటకొకసారి కూర్చునే హక్కు, బీపీ పరీక్ష, కడుపునిండా పప్పు, గుడ్డు. కూర్చునేవారిని లేపాలి, నిలబడ్డవారిని కూర్చోనివ్వాలి. మన సమాజం సరిగ్గా తలకిందులుగా చేస్తోంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇళ్ళలో పెద్దవారి స్థితి. ఈ జిల్లాలో ఎన్నో ఇళ్ళ పిల్లలు అమెరికాలోనో, హైదరాబాదులోనో, బెంగుళూరులోనో ఉన్నారు. మంచి పిల్లలు. అమ్మ కోసం పనిమనిషిని పెడతారు, వంటమనిషిని పెడతారు, మంచం పక్కనే బెల్లు పెట్టిస్తారు. వీడియోలో కనిపించినప్పుడల్లా, "నువ్వు లేవకు అమ్మా, అన్నీ వాళ్ళు చూసుకుంటారు" అంటారు. నిన్నటిదాకా ముగ్గు వేసి, తులసికోటకు నీళ్ళు పోసి, మేడ మీద వడియాలు పెట్టిన మనిషి ఆరు నెలల్లో కుర్చీ చేతుల మీద ఆనుకోకుండా లేవలేని స్థితికి వస్తుంది. ఏడాదికి స్నానాల గది గడప దగ్గర పడుతుంది. తుంటి ఎముక విరుగుతుంది. ఆ తరువాతి కథ నేను రాయనక్కరలేదు, మీ వీధిలోనే ఉంటుంది.

1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఆరోగ్యవంతులైన ఐదుగురు ఇరవై ఏళ్ళ యువకులను మూడు వారాలు మంచం మీదనే ఉంచారు. ముప్పై ఏళ్ళ తరువాత అదే ఐదుగురినీ మళ్ళీ పరీక్షిస్తే, వారి శరీర సామర్థ్యాన్ని ముప్పై ఏళ్ళ వయసు తీసినదానికంటే ఆనాటి మూడు వారాల మంచమే ఎక్కువ తీసినట్టు తేలింది. ఇది ఇరవై ఏళ్ళవారి కథ. వృద్ధులలో పది రోజుల పడక కాళ్ళలోని కండను సుమారు ఒక కిలో హరిస్తుందని మరో పరిశోధన చెప్పింది. మనం ప్రేమతో వేసే మంచం ఏమి చేస్తుందో దీన్నిబట్టి గ్రహించండి. అమ్మ చేతిలో చీపురు లాక్కోవడం సేవ కాదు. బరువు మోయనివ్వకండి, తడి నేల మీద తిరగనివ్వకండి, కానీ ఆమె పనిని ఆమెకు ఉంచండి.

నేల మీద కూర్చుని లేవడం కూడా మనం నామోషీగా భావించి వదిలేశాం. పీటలు పోయాయి, పెళ్ళిళ్ళలో బంతి భోజనాలు బల్లల మీదికి ఎక్కాయి. నేల మీద కూర్చుని, ఆసరా లేకుండా లేవగలగడానికీ ఆయుర్దాయానికీ సంబంధం ఉందని బ్రెజిల్ వైద్యులు 2012లో చూపారు. మన తాతమ్మలు ఆ పరీక్షలో రోజుకు ఇరవైసార్లు ఉత్తీర్ణులయ్యేవారు.

స్త్రీల విషయంలో ఇంకో మాట. 57 శాతం అన్న అంకె ఊరికే రాలేదు. మన ఊళ్ళలో సాయంత్రం ఒక మగవాడు ఒంటరిగా రోడ్డు మీద నడిస్తే ఎవరూ పట్టించుకోరు. ఒక స్త్రీ నడిస్తే నలుగురు అడుగుతారు: "ఎక్కడికి?" "ఊరికే నడుస్తున్నాను" అన్నది మన సమాజంలో ఒక స్త్రీ చెప్పదగిన జవాబుగా ఇంకా చెల్లుబాటు కావడం లేదు. "ఇంటి పనే పెద్ద వ్యాయామం కదా" అనే పురుషులు ఒక వారం ఆ పని చేసి చూడమని కోరుతున్నాను. అలసట తెలుస్తుంది. గుండె వేగం పెంచే శ్రమ అందులో ఎంత తక్కువో కూడా తెలుస్తుంది.

మాత్రల మీద మనకున్న భక్తి గురించి కూడా చెప్పాలి. మధుమేహం అంచున ఉన్న 531 మందిని చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మూడేళ్ళు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. నడక, ఆహార నియమాలు పాటించినవారిలో మధుమేహం ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో 26.4 శాతం. రెండూ కలిపి చేసినవారిలో 28.2 శాతం. అంటే ఆ దశలో నడక మాత్రకు ఏ విధంగానూ తీసిపోలేదు, మాత్ర కలిపినందువల్ల అదనంగా ఒరిగిందీ లేదు. చిన్న జ్వరానికి కూడా చెన్నైకి పరుగెత్తే మన జిల్లావారు, చెన్నైలోనే తేలిన ఈ సంగతిని మాత్రం వెంట తెచ్చుకోలేదు. (మధుమేహం వచ్చేసినవారు ఈ పేరా చదివి మాత్రలు మానేయకండి. ఇది రాకముందు మాట.)

సరే, నడుద్దామంటే ఎక్కడ నడవాలి? 2006లో కేంద్రం ప్రకటించిన జాతీయ పట్టణ రవాణా విధానం, రోడ్డు ఉన్నది వాహనాలను కాదు మనుషులను చేరవేయడానికని చెప్పింది. 2025 మేలో సుప్రీంకోర్టు, సరైన కాలిబాట పాదచారుల జీవించే హక్కులో భాగమని ప్రకటించింది. మన పట్టణంలో కాలిబాట ఉన్న చోట దుకాణపు బోర్డు ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, మూత లేని కాలువ ఉంటుంది. తీరపు ఊళ్ళలో రోడ్డు అంచున రొయ్యల లారీలు. 2025 జూన్ 21న విశాఖ సముద్రతీరాన లక్షలాది మంది ఒకేసారి యోగాసనాలు వేసి రికార్డు సృష్టించారు. సంతోషమే. యోగా మీద నాకు గౌరవం ఉంది. అయితే జూన్ 22న ఆ జనం నడిచిన రోడ్డుకు కాలిబాట ఉందా అన్నది నా ప్రశ్న. ఒక రోజు ఉత్సవం కంటే ఒక కిలోమీటరు సిమెంటు బాట, రెండు వీధి దీపాలు ఎక్కువ ప్రాణాలు నిలబెడతాయి.

ఇది మన చేతిలో లేని పని అనకండి. అక్షరాస్యతా ఉద్యమం నుంచి కదిలి, దూబగుంట స్త్రీలు 1992లో సారా దుకాణం మీదికి నడిచి వెళ్ళింది ఈ జిల్లాలోనే. ఆ నడక రాష్ట్రమంతా పాకి 1993లో సారా నిషేధం దాకా వెళ్ళింది. దుకాణాన్ని మూయించగలిగిన జిల్లాకు పాఠశాల మైదానం గేటు సాయంత్రం రెండు గంటలు తెరిపించడం అసాధ్యమా? గ్రామసభలో కాలువ గట్టు వెంట బాట అడగడం, స్త్రీలకు ఒక వేళ కేటాయించమనడం, కర్మాగారంలో స్టూళ్ళు అడగడం నా దృష్టిలో వైద్యమే.

ఇంటి దగ్గర చేయవలసింది క్లుప్తంగా చెబుతాను. వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక, లేదా దానికి సమానమైన శ్రమ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పని అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 65 దాటినవారు తూలిపోకుండా నిలబడే అభ్యాసాలు వారానికి మూడు రోజులు చేయాలి. ఒకేసారి పది నిమిషాలైనా నడవాలన్న పాత నిబంధనను తీసేశారు. రెండు నిమిషాలు కూడా లెక్కకు వస్తుంది. కాబట్టి ప్రతి అరగంటకు ఒకసారి లేవండి. ఫోను మోగితే లేచి మాట్లాడండి. అన్నం తిన్న తరువాత పడకకు వెళ్ళకుండా పది నిమిషాలు తిరగండి. పాల పాకెట్టుకు బండి తీయకండి. రోహిణి కార్తె ఎండల్లో, సముద్రపు ఉక్కలో పగలు నడవవద్దు. తెల్లవారుజామున, పొద్దుగూకిన తరువాత చాలు. నడుస్తుంటే ఛాతీలో బరువు, ఎడమ చేతికి లాగడం, అసాధారణమైన ఆయాసం, చెమట కనిపిస్తే అక్కడే ఆగి 108కి ఫోను చేయండి. గ్యాస్ అని సోడా తాగి పడుకోకండి. ఇన్సులిన్ తీసుకునేవారు ఖాళీ కడుపుతో దూరం నడవవద్దు, జేబులో చక్కెరో బెల్లం ముక్కో ఉంచుకోండి. కాళ్ళకు స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా ఇసుకలో, గట్ల మీద తిరగవద్దు. మోకాళ్ళు అరిగినవారు నేల మీద కూర్చోనక్కరలేదు. గోడ పక్కన గట్టి కుర్చీ వేసుకుని, చేతులు ఆనించకుండా ఉదయం పదిసార్లు, సాయంత్రం పదిసార్లు లేచి కూర్చోండి. మొదట మూడుసార్లకే ఆయాసం వస్తే మూడుతోనే మొదలుపెట్టండి.